గార్డు ఎవరు తీశారు?

(చేతుల కథలు – 9)

పోయిన ఆదివారం హాస్టల్ తమ్ముడు ఒకడు వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. డిగ్రీ రెండో సంవత్సరం. సెలవుల్లో హైదరాబాద్‌లో ఇంటీరియర్ పనికి పోయాడు. వంటింటి కప్‌బోర్డులు చేసే చోట హెల్పరు. "అన్నా, ఈసారి ఫీజుకి ఎవర్నీ అడగక్కర్లేదు" అని కింద రాశాడు.

ఫోటోలో వాడు నవ్వుతున్నాడు. నేను వాడి మొహం చూడలేదు. చేతిలో ఉన్న గ్రైండర్ చూశాను. ఇనుము కోసే రాయి తీసేసి, చెక్క కోసే పళ్ల బ్లేడు వేశారు. పైన గార్డు లేదు. మెడలో తువ్వాలు వేలాడుతోంది. కుడిచేతికి కడియం.

వెంటనే ఫోన్ చేశాను.

"ఒరేయ్, దాని గార్డు ఏదిరా?"

"గార్డంటే ఏందన్నా?"

కాసేపు నాకు మాట రాలేదు. వాడి మీద కోపం కాదు. ఆ ప్రశ్న నాకు తెలిసిన ప్రశ్న. పదిహేనేళ్ల కిందట నాకూ తెలియదు గార్డంటే ఏమిటో. నాకు తెలియకపోయిన దానికి మా చిన్నాన్న కొడుకు వేలు పోయింది. ఈ సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. వాడికి ఫోన్లో సగం చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. సెలవుల్లో పనికి పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో చాలామంది ఉన్నారు. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

*

2009లో గుంటూరు బయట ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో హెల్పరుగా చేరాను. ఇంటర్ తప్పి, మిర్చి యార్డులో బస్తాలు మోసి, సెంట్రింగ్ పనికి పోయి, చివరికి అక్కడ తేలాను. రేకుల షెడ్డు. ఒక పక్క టేకు, వేప చెక్కలు, ఇంకో పక్క ప్లైవుడ్ షీట్లు. మధ్యలో కటింగ్ టేబులు. కింద మోటారు, పైన ఇనుప బల్ల, బల్ల మధ్యలో నుంచి సగం బయటికి వచ్చిన 10 అంగుళాల బ్లేడు. మొత్తం ఎనిమిది మందిమి. ఇద్దరు మేస్త్రీలు, ఇద్దరు పాలిష్ వాళ్లు, నలుగురం హెల్పర్లం. మేస్త్రీలు వడ్రంగులు. హెల్పర్లం నలుగురం మాల మాదిగ పల్లెల వాళ్లమే. ఎవరూ అలా ఏరి పెట్టలేదు. అది అలా కుదిరిపోయింది. మన దేశంలో కొన్ని ఎవరూ ఏరకుండానే కుదిరిపోతాయి.

మా పని చెక్కలు మోయడం, మేస్త్రి కోస్తుంటే అటుపక్క నిలబడి పట్టుకోవడం, బల్ల కింద పొట్టు ఎత్తడం, టీ తేవడం. రెండో నెలలో ఒకరోజు సొరుగుల పని వచ్చింది. సొరుగు పక్క చెక్కకు లోపలివైపు గాడి తీస్తే, అడుగు ప్లై అందులో కూర్చుంటుంది. గాడి అంటే చెక్క మొత్తం తెగకూడదు, కొంచెం లోతే కోయాలి. బ్లేడు మీద ప్లాస్టిక్ కప్పు ఒకటి ఉండేది. దాని వెనక బ్లేడును ఆనుకుని నిలువుగా చిన్న ఇనుప రేకు. రెండూ ఒకే ముక్కగా బిగించి ఉన్నాయి. అవి ఉంటే గాడి తీయడం కుదరదు.

"ఒరేయ్, అది ఊడదియ్యరా" అన్నాడు పెద్ద మేస్త్రి.

నేను స్పానర్ తెచ్చి రెండు నట్లు విప్పాను. విప్పింది ఎక్కడ పెట్టాలో తెలియక గోడకున్న మేకుకి తగిలించాను. సాయంత్రానికి గాడి పని అయిపోయింది. దాన్ని మళ్లీ పెట్టమని ఎవరూ అనలేదు. పెట్టాలని నాకు తెలియదు. రెండేళ్లు అది ఆ మేకుకే ఉంది. దాని మీద పొట్టు పేరుకుపోయింది. ఒక దసరాకి షెడ్డు కడిగినప్పుడు నేనే దాన్ని తుడిచి, బొట్టుపెట్టి, మళ్లీ మేకుకే తగిలించాను.

*

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, గూటం ఆయన ముందు ఎప్పుడూ ఉండేవి. రంపె అంటే తోలు కోసే కత్తి. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే చేతి మీద కొట్టేవాడు. ఏడో తరగతిలో ఒకరోజు ఆయనే పిలిచి చేతికిచ్చాడు. ఇచ్చే ముందు ఒక పూటంతా చెప్పాడు. తోలు పట్టుకున్న చేయి ఎప్పుడూ కత్తి వెనకే ఉండాలి, కత్తి పోయే దారిలో ఉండకూడదు. మొండి రంపెతో కోస్తే బలం పెట్టాలి, బలం పెడితే జారుతుంది, అందుకే ముందు నూరుకోవాలి. జారితే పట్టుకోబోకు, వదిలెయ్, కింద పడనీ. పడే కత్తిని పట్టుకోబోయినవాడి చేయి తెగుద్ది అనేవాడు. అరవై ఏళ్లు ఆ పని చేసిన మా తాత పదివేళ్లతోనే పోయాడు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఏ పనికైనా ఇలాంటి తెలివి ఒకటుంటుంది. పుస్తకంలో ఉండదు. తాత నుంచి మనవడికి, మేనమామ నుంచి మేనల్లుడికి వస్తుంది. వర్క్‌షాపులో దాన్ని కళ్లారా చూశాను. పెద్ద మేస్త్రి చెల్లెలి కొడుకు పని నేర్చుకోవడానికి వచ్చాడు. మేస్త్రి వాడి వెనక నిలబడి, వాడి రెండు చేతుల మీద తన చేతులు వేసి, వారం రోజులు కోయించాడు. "ఎదురుగా నిలబడకు, ఎడమ పక్కకు రా. చూపు బ్లేడు మీద కాదు, చెక్క గైడుకి ఆనిందా లేదా అది చూడు. ఆఖరి జానెడు చేత్తో తోయొద్దు, కర్రతో తోయ్." నేను అటుపక్క చెక్క పట్టుకుని వింటున్నాను. మోటారు హోరులో సగం వినపడింది, సగం వినపడలేదు. మాకు మాత్రం ఆయన రెండేళ్లలో చెప్పింది ఒకటే మాట.

"జాగ్రత్తరా."

ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో శుభకార్యానికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టినవాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన్ని అడిగాను, మాకెందుకు చెప్పలేదు మేస్త్రీ అని. కాసేపు ఆలోచించి, "మా అయ్య నాకు చెప్పాడు. నేను మావాడికి చెప్పుకున్నా. మీకు చెప్పాలని నాకెవరూ చెప్పలేదు నాయనా" అన్నాడు. అందులో అబద్ధం లేదు. కులం చాలాసార్లు ద్వేషంతో పనిచేయదు. అలవాటుతో పనిచేస్తుంది.

*

2011 మే నెల. నా వెనకాలే మా చిన్నాన్న కొడుకును కూడా అదే షాపులో పెట్టించాను. వాడికి 20 ఏళ్లు. నెలకు 6,000 జీతం. చురుకైనవాడు, ఆరు నెలల్లోనే కోయడం పట్టేశాడు. హెల్పరు జీతానికి మేస్త్రి పని చేస్తుంటే ఓనరుకి సంతోషమే కదా.

ఆ రోజు టేకు చెక్క నుంచి సన్నటి బీడింగులు చీలుస్తున్నాడు. పొడుగు చెక్క, వెడల్పు తక్కువ. టేకు బాగానే ఆరింది కానీ లోపల ఎక్కడో ముడి ఉంది. బ్లేడు సగం దాకా పోయింది. కోసిన సందు వెనక మూసుకుపోయి బ్లేడును పట్టేసింది. పట్టేసిన క్షణంలోనే చెక్క వెనక్కి తన్నింది. కర్ర విరిగినట్టు చప్పుడైంది. చెక్క వచ్చి వాడి పొట్టలో పొడిచింది. తోస్తున్న చేయి తోస్తూనే ఉంది, ముందున్న చెక్క మాత్రం లేదు. చేయి నేరుగా బ్లేడు మీదికి పోయింది.

ఎడమ చూపుడు వేలు, రెండు కణుపులు.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. మోటారు ఆపడానికి పరిగెత్తాను. స్విచ్ ఎదురుగోడ మీద ఉంది. ఎవరో పసుపు అద్దారు. తెగిన ముక్కను ఒకాయన కూల్‌డ్రింక్ కొట్టు నుంచి ఐసు తెప్పించి నేరుగా ఐసులో వేశాడు. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టరు ఆ ముక్కను చూసి తల అడ్డంగా ఊపాడు. నేరుగా ఐసు తగిలితే కండ చచ్చిపోతుందని ఆయన చెబితే తెలిసింది.

సాయంత్రం ఓనరు వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఆయన అడిగిన మొదటి ప్రశ్న వాడికి ఎలా ఉందని కాదు.

"దానికి గార్డు ఉండాలి కదా. గార్డు ఎవరు తీశారు?"

ఎవరూ మాట్లాడలేదు. పెద్ద మేస్త్రి నేల చూశాడు. నేనూ నేల చూశాను. మేకుకి తగిలించి ఉన్న ఆ వస్తువు పేరు గార్డు అని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అది తీసింది నా చేతులే అని కూడా.

*

ఇప్పుడు అసలు ఆ మిషను ఎందుకు తన్నుతుందో చెప్తాను. ఇది మాకు ఎవరైనా పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మావాడి వేలు మావాడికి ఉండేది.

టేబుల్ మీద బ్లేడు మన వైపు నుంచి కిందికి తిరుగుతుంది. మన వైపున్న పళ్లు చెక్కను బల్లకేసి నొక్కుతాయి. అక్కడ భయం లేదు. అటుపక్క, అంటే బ్లేడు వెనక భాగంలో, పళ్లు కింద నుంచి పైకి లేస్తాయి. కోసిన చెక్క ఆ వెనక పళ్లకు తగిలిందంటే, పళ్లు దాన్ని పైకి లేపి మన మీదికి విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 సార్లు తిరిగితే దాని పంటి వేగం గంటకు 190 కిలోమీటర్లు. మనం ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకోవడానికి సుమారు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో పళ్ల అంచు 13 మీటర్లు తిరిగేస్తుంది. అక్కడ "జాగ్రత్తరా" అనే మాట ఏం చేస్తుంది?

చెక్క వెనక పళ్లకు ఎందుకు తగులుతుంది? రెండు కారణాలు. ఒకటి, చెక్క గైడును వదిలి పక్కకు తిరగడం. రెండు, కోసిన సందు మూసుకుపోవడం. చెట్టు పెరిగేటప్పుడే చెక్కలో బిగువు ఉంటుంది. కోయగానే ఆ బిగువు విడుదలై చెక్క వంగుతుంది. ముళ్లున్న చోట, సరిగా ఆరని చోట మరీ ఎక్కువ. మూసుకోకుండా ఆపడానికే బ్లేడు వెనక ఆ నిలువు ఇనుప రేకు ఉండేది. కొత్త మిషన్లలో దాన్ని రైవింగ్ నైఫ్ అంటారు. పేరుకి కత్తి, కానీ దానికి పదును ఉండదు. కోసిన సందులో దూరి రెండు ముక్కల్ని విడదీసి పట్టుకుంటుంది. వెనక పళ్లను చెక్కకు దూరంగా ఉంచుతుంది. మా షాపు పాత మిషనులో ఆ రేకు, కప్పు ఒకటే ముక్క. గాడి కోసం కప్పు తీస్తే రేకూ పోయింది. కొత్త రకం రైవింగ్ నైఫ్ బ్లేడుతో పాటే పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి గాడి తీయడానికి దాన్ని పీకే పని లేదు. అంటే ఇది మనిషి నిర్లక్ష్యం ఒక్కటే కాదు. మిషను తయారైన తీరులోనే ఆ ప్రమాదం ఉంది.

*

పనికి పోయేవాళ్ల కోసం మా తాత రంపె గురించి చెప్పినట్టు నేను ఇది చెబుతున్నాను. ఫోన్లో దాచుకోండి.

1. బ్లేడు మార్చాలన్నా, గైడు సరిచేయాలన్నా, ఇరుక్కున్న ముక్క తీయాలన్నా ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు. పీకిన ప్లగ్గు మీ కళ్లకు కనపడేలా పెట్టుకోండి. మీరు వంగి ఉన్నప్పుడు ఇంకొకడు వచ్చి స్విచ్ వేస్తాడు.

2. తువ్వాలు, కడియం, మొలతాడంత దారాలు, ఉంగరం, వదులు చేతుల చొక్కా తీసి పక్కన పెట్టండి. పాలిష్ పనికి వచ్చే అక్కలు కొంగు, చున్నీ, జడ బిగించుకోవాలి. తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు వద్దు. గ్లౌజు చేతిని కాపాడదు, పంటికి చిక్కి చేతిని లోపలికి లాగుతుంది. చెక్కలు మోసేటప్పుడు వేసుకోండి, కోసేటప్పుడు తీసేయండి.

3. బ్లేడుకు సూటిగా నిలబడొద్దు. తన్నితే చెక్క ఆ గీత మీదే వస్తుంది. కాస్త పక్కకు నిలబడండి.

4. బ్లేడును చెక్క మందం కంటే కొంచెం పైకి, పంటి లోతంత మాత్రమే లేపండి. సగం బ్లేడు బయటపెట్టి అర అంగుళం ప్లై కోయడం అన్నిచోట్లా చూస్తాం. అవసరం లేని ఇనుమంతా మీ చేతి కోసమే ఉన్నట్టు.

5. గైడు లేకుండా ఉత్త చేత్తో పట్టుకుని కోయొద్దు. గైడు, బ్లేడు సమాంతరంగా ఉన్నాయా అని ముందు వెనక టేపు పెట్టి కొలవండి. వెనకవైపు సందు తక్కువైతే చెక్కను బ్లేడుకేసి నొక్కుతుంది. అప్పుడు తన్నుతుంది.

6. చేయి బ్లేడుకు అర అడుగు లోపలికి పోకూడదు. ఆఖర్న కర్రతో తోయండి. చివర గాడి ఉన్న ప్లై ముక్క చాలు. ఐదు నిమిషాల్లో మీరే చేసుకోవచ్చు. ఒకటి కాదు, రెండు చేసుకోండి.

7. అటుపక్క పట్టుకునే పని హెల్పరుదే, అంటే మనదే. అటుపక్క నిలబడినవాడు చెక్క కింద ఆసరా ఇవ్వాలి, లాగకూడదు. మీరు లాగితే కోసేవాడి చేయి బ్లేడు మీదికి పోతుంది. ఇది ఎవరూ చెప్పరు.

8. పచ్చి చెక్క, మెలితిరిగిన చెక్క, మేకులున్న పాత చెక్క టేబుల్ మీద పెట్టొద్దు. పాత దూలాలు, తలుపులు చీల్చేటప్పుడు ముందు మేకులు వెతికి పీకండి.

9. బ్లేడు తిరుగుతుంటే బల్ల మీద ముక్కలు చేత్తో నెట్టొద్దు, బల్ల కింద పొట్టు ఎత్తొద్దు. ఆపి, పూర్తిగా నిలిచాక చేయండి. "మిషను ఆపితే టైము వేస్టు" అంటారు. అననివ్వండి.

10. కళ్లద్దాలు, చెవులకు ఇయర్ ప్లగ్గులు, ముక్కుకు మంచి మాస్కు. కర్చీఫ్ చాలదు. చెక్క పొట్టు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1995లోనే తేల్చింది. ఎమ్‌డీఎఫ్ షీట్ల జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ కూడా అదే జాబితాలో ఉంది. పొట్టు ఎత్తేది ఎవరో మనకు తెలుసు.

11. గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు వేయొద్దు. అది నిమిషానికి 11,000 సార్లు దాకా తిరుగుతుంది. చెక్కలో పట్టేస్తే చేతిలో నుంచి ఎగిరి తొడ మీదికో మెడ మీదికో వస్తుంది. మార్బుల్ కట్టర్‌ను తిరగేసి ప్లైకి కింద బిగించి టేబుల్ కట్టర్ అని వాడటం ఇప్పుడు ప్రతి సైటులో ఉంది. దానికి గార్డు ఉండదు, వెనక రేకు ఉండదు, చేతికి అందే స్విచ్ ఉండదు. స్విచ్ టేపు చుట్టి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతారు. అలాంటి దాని మీద పని వద్దని చెప్పండి.

12. ఎవరికైనా తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చేయి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి వద్దు. తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో పెట్టండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. 108కి చేసి, వేళ్లు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆస్పత్రి ఏదో అడిగి అక్కడికే పోండి.

*

మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. గార్డు ఎవరు తీశారు?

ఆ ప్రశ్న ఓనరు ఊరికే అడగలేదు. అది నాకు ఐదేళ్ల తర్వాత, ఉద్యమంలోకి వచ్చి, ఒక లాయరన్న దగ్గర కాగితాలు సర్దుతున్నప్పుడు తెలిసింది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలనే చట్టం 1923 నుంచి ఉంది. పది మంది లేని చిన్న షాపుకైనా, కరెంటు మిషన్ల మీద సరుకు తయారుచేసే చోటైతే అది వర్తిస్తుంది. మన అజాగ్రత్త వల్ల జరిగినా ఇవ్వాల్సిందే. కానీ అందులో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తాగి ఉంటే ఇవ్వక్కర్లేదు. రక్షణ కోసం పెట్టిందని తెలిసి కూడా గార్డును కావాలని తీసేసిన పనివాడికి ఇవ్వక్కర్లేదు. ప్రాణం పోయినా, పూర్తిగా వికలాంగుడైనా ఆ మినహాయింపు చెల్లదు. వేలు పోతే మాత్రం చెల్లుతుంది.

అందుకే అడిగాడు ఆ ప్రశ్న. మేం నేల చూశాం. నెల తర్వాత 15,000 చేతిలో పెట్టి, ఇక ఏ బాకీ లేదని తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. చిన్నమ్మ దండం పెట్టింది ఆయనకు. నేను పక్కనే ఉన్నాను.

చట్టం లెక్క ఇలా ఉంటుంది. చూపుడు వేలు రెండు కణుపులు పోతే సంపాదించే శక్తిలో 11 శాతం పోయినట్టు. మొత్తం వేలైతే 14. బొటనవేలైతే 30. జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి ఇచ్చిన అంకెతో గుణించాలి. 20 ఏళ్లకు ఆ అంకె 224. మావాడి 6,000లో 60 శాతం 3,600. దాన్ని 224తో గుణిస్తే 8,06,400. అందులో 11 శాతం 88,704 రూపాయలు. వాడికి రావాల్సింది అది. వచ్చింది 15,000. పరిహారం హక్కును వదులుకుంటూ రాసిన కాగితం ఏదైనా చెల్లదని ఆ చట్టంలోనే 17వ సెక్షన్ చెప్పింది. కానీ ప్రమాదం జరిగిన 2 ఏళ్లలోపు లేబర్ ఆఫీసులో కమిషనర్ దగ్గర వేయాల్సి ఉండింది. నాకు తెలిసేసరికి ఐదేళ్లు దాటిపోయాయి.

తెలిసి, కావాలని తీసేసినవాడు. చట్టంలో ఆ మాట నేను చాలాసార్లు చదివాను. మావాడు తీయలేదు. తీసింది నేను. నాకు తెలియదు. తీయమన్న మేస్త్రికి తెలుసు, ఆయన చేత్తో ముట్టుకోలేదు. మళ్లీ పెట్టించాల్సిన ఓనరు వారానికి రెండుసార్లు ఆ షెడ్డులో తిరిగాడు, మేకుకున్న గార్డు ఆయనకు కనపడుతూనే ఉంది. తిరిగే యంత్ర భాగాలకు కంచె ఉండాలి, అవి తిరిగినంతసేపూ ఆ కంచె స్థానంలో ఉండాలి అని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. కానీ కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. మేం ఎనిమిది మందిమి. 10 లేని చోటికి కూడా చట్టాన్ని వర్తింపజేసే అధికారం 85వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. మా షెడ్డుకు ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు. ఇప్పుడు 2020 నాటి కోడ్ ఆ 10ని 20 చేసింది. పరిహారం చట్టాన్ని కూడా అదే ఏడాది చేసిన సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. గార్డు తీసినవాడి మినహాయింపు అందులోనూ ఉంది. కాబట్టి తమ్ముళ్లూ, పనిలో చేరిన మొదటి రోజే మిషను ఫోటో తీసి పెట్టుకోండి. గార్డు లేకపోతే లేనట్టు తీయండి. ఎవరైనా తీసి చెయ్యమంటే "గార్డు తీసేసి చేయమంటారా సార్" అని వాట్సాప్‌లో అడగండి. జవాబు వాళ్లనే రాయనివ్వండి.

*

కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన కూడా అని బాబాసాహెబ్ 1936లో చెప్పారు. ఆ మాటను మనం చాలా సభల్లో చెప్పుకున్నాం. నాకు అది మా షెడ్డులో అర్థమైంది. పాతకాలంలో వడ్రంగి పని మనల్ని రానివ్వలేదు. ఇప్పుడు రానిచ్చింది, ఎందుకంటే మిషన్లకు చేతులు కావాలి. చేతుల్ని రానిచ్చారు. చేతుల్ని కాపాడే తెలివి మాత్రం పాత దారిలోనే, మేనమామ నుంచి మేనల్లుడికే పోతోంది. ఏకలవ్యుడి బొటనవేలు గురించి ఎన్ని పాటలు పాడుకున్నాం! ఏకలవ్యుణ్ణి కనీసం అడిగి తీసుకున్నారు.

అదే బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ఆయన్ని విగ్రహాల్లో చూసినంతగా మనం లేబర్ ఆఫీసులో చూడం. అక్కడా చూడాలి. అమెరికాలో ఒకాయన 1999లో ఒక రంపం కనిపెట్టాడు. చర్మం తగలగానే ఆ తేడాను కరెంటుతో పసిగట్టి, 5 మిల్లీ సెకన్లలో బ్లేడును ఆపేస్తుంది. వేలికి చిన్న గీత పడుతుంది, అంతే. అంటే మిషన్ను మనిషికి తగ్గట్టు చేయొచ్చు. అంత ఖరీదైంది మా షెడ్డుకి రాదని నాకు తెలుసు. కానీ ఒక ఇనుప రేకు, ఒక కప్పు, చేతికి అందే స్విచ్, ఒక తోసే కర్ర. వీటికి ఎంతవుతుంది? "జాగ్రత్త" అనే మాట ఎందుకంత ఇష్టమంటే, దానికి పైసా ఖర్చు లేదు. పైగా వేలు పోయాక తప్పు ఎవరిదో కూడా అదే చెప్పేస్తుంది.

మావాడు ఇప్పుడు నరసరావుపేట దగ్గర సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. నలుగురు పిల్లలు పనిచేస్తారు, ఇద్దరు మన పల్లె వాళ్లు, ఇద్దరు వడ్రంగుల ఇళ్ల వాళ్లు. ఈ వ్యాసం రాసే ముందు వాడి దగ్గరికి పోయాను. గార్డు తీసింది నేనేనని చెప్పాను. ఇన్నేళ్లకి.

వాడు చెక్క మీద గీత గీస్తూనే ఉన్నాడు. "తెలుసన్నా" అన్నాడు. "నువ్వు తీసిన రోజు నాకు పెద్ద మేస్త్రి చెప్పాడులే, ఆస్పత్రిలోనే. నువ్వు చెప్తావని చూశా."

ఇంకేమీ అనలేదు. కాసేపటికి కొత్తగా చేరిన పిల్లాడిని పిలిచాడు. వాడి వెనక నిలబడి, వాడి రెండు చేతుల మీద తన చేతులు వేశాడు. తొమ్మిది వేళ్లు పూర్తిగా, ఒకటి సగం కంటే తక్కువ. "ఎడమ పక్కకు రా నాన్నా. ఎదురుగా నిలబడకు" అన్నాడు.

హాస్టల్ తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. గ్రైండర్ మీద చేయనన్నాడట, రెండు రోజులు చెక్కలు మోసే పనికి వేశారట. మూడో రోజు ఆ గ్రైండర్‌కి రాయి, గార్డు మళ్లీ బిగించారట. కడియం తీసి బ్యాగులో పెట్టుకున్నాడు.

మీరు పనిచేసే చోట మేకుకి ఏం వేలాడుతోందో చూసి రాయండి. వచ్చే భాగంలో లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఎలా పెట్టాలో, ఏ కాగితాలు కావాలో రాస్తాను.

జై భీమ్.